హంగరీలో ఇటలీని ఎక్కడ చూడాలి, ఎలా గుర్తుపట్టాలి

ప్రశ్న క్లుప్తంగా: "బుడాపెస్ట్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. ఇక్కడ నాలుగు రోజులుండి ముగ్గురం రోముకు వెళ్తాం. హంగరీ కళకూ ఇటలీకీ చాలా దగ్గరి బంధం ఉందని చదివాను. కోట కొండ మీద రెండుసార్లు తిరిగినా ఇటలీ ఛాయ ఎక్కడా కనపడలేదు. అసలు ఎక్కడ చూడాలి? చూస్తే ఎలా గుర్తుపట్టాలి?"

కోట కొండ మీద మీకు ఇటలీ కనపడకపోవడం సహజమే. అక్కడ పైకి కనిపించేవి చాలావరకు ఇటలీ పనివాళ్ళు వచ్చిన 15వ శతాబ్దానివి కావు. మాత్యాష్ చర్చి అనే పేరు చూసి అది హంగరీ రాజు మాత్యాష్ తెప్పించిన ఇటలీ పనితనం అనుకునేవాళ్ళు చాలామంది. అది గోథిక్, అంటే ఇటలీ పద్ధతి రాకముందు యూరపులో నడిచిన శైలిలో ఉన్న కట్టడం. ఇప్పుడున్న రూపం 1874–1896 మధ్య షూలెక్ అనే వాస్తుశిల్పి తిరిగి కట్టినది. పక్కనున్న జాలరుల బురుజు ఇంకా కొత్తది, 1902లో పూర్తయింది. ఇక రాజభవనం సంగతి. ఒట్టొమాన్ తుర్కుల దగ్గర్నుంచి బుడాను తిరిగి తీసుకున్న 1686 ముట్టడిలో పాత భవనం శిథిలమైంది. దాని మీద బరోక్ భవనం లేచింది. అది రెండో ప్రపంచయుద్ధంలో కాలిపోతే మళ్ళీ కట్టారు. 1458 నుంచి 1490 వరకు ఏలిన మాత్యాష్ ఫ్లోరెన్స్ పనివాళ్ళను పిలిపించి తీర్చిదిద్దించిన భవనం మీరు నడిచిన నేల కింద ముక్కలై ఉంది. తవ్వకాల్లో దొరికిన ముక్కలను అదే కొండ మీది బుడాపెస్ట్ చరిత్ర మ్యూజియంలో పెట్టారు. మూడోసారి వెళ్ళినప్పుడు నేరుగా అక్కడికి వెళ్ళండి.

ముందుగా ఒక తేడా చెప్పాలి. హంగరీలో ఇటలీ బొమ్మ ఉన్నంత మాత్రాన అది ఈ బంధానికి సాక్ష్యం కాదు. బుడాపెస్ట్ లలితకళా మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ గీసిన మేరీ మాత బొమ్మ, ఎస్తెర్‌హాజీ మడొన్నా ఉంది. సగం పూర్తయిన చిన్న బొమ్మ, కింద గీసుకున్న గీతలు ఇప్పటికీ కనపడతాయి, తప్పకుండా చూడాల్సిందే. కానీ అది ఒక పోప్ ఇచ్చిన కానుకగా వియన్నా చేరి, చేతులు మారి, ఎస్తెర్‌హాజీ వంశం సేకరణలోకి వచ్చి, 19వ శతాబ్దంలో ప్రభుత్వం చేతికి వచ్చింది. డబ్బున్నవాళ్ళు కొనుక్కున్న కళ అది. మీరు అడిగేది వేరు: ఇటలీ మనిషి ఇక్కడికి వచ్చి, ఇక్కడి సరుకుతో, ఇక్కడి యజమాని కోసం చేసిన పని. అలాంటిది కావాలంటే చిత్రాలకంటే ముందు రాయిని చూడటం నేర్చుకోవాలి.

ఆ రాయి ఎర్రది. బుడాపెస్ట్‌కు వాయవ్యాన, ఎస్తెర్‌గోమ్‌కు దగ్గర్లో గెరెచె కొండలున్నాయి. అక్కడి తర్దోష్, షుత్తో ఊళ్ళ క్వారీల నుంచి వస్తుంది. హంగరీవాళ్ళు ఎర్ర పాలరాయి అంటారు గానీ నిజానికి అది జురాసిక్ కాలపు సున్నపురాయి, నునుపు బాగా ఎక్కుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. ఫోను లైటు ఏటవాలుగా పట్టి చూడండి. మన గుడుల్లో పూజించే సాలగ్రామం లోపల ఉంటుందే చుట్టచుట్టుకున్న గవ్వ అచ్చు, అది ఈ రాతిలో అడ్డంగా కోసినట్టు కనపడుతుంది. రెండూ అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజాలే. నిజమైన పాలరాయిలో అవి మిగలవు, వేడికీ ఒత్తిడికీ రాయంతా కొత్త స్ఫటికాలుగా మారి చెరిగిపోతాయి. రాతిలో చుట్ట కనపడి, దాని మీద చెక్కుడు ఇటలీ పద్ధతిలో ఉంటే మీరు వెతుకుతున్నది దొరికినట్టే.

చెక్కుడు ఇటలీదని తెలుసుకునేదెలాగంటే, గోథిక్ పనిలో ఆకులు ముళ్ళుముళ్ళుగా, చెట్టు నుంచి తుంచి అంటించినట్టు వంపులు తిరుగుతాయి, తోరణం పైన కొసదేలి ఉంటుంది. ఫ్లోరెన్స్ పద్ధతిలో తోరణం అరచక్రం. గోడలోంచి వేలెడంత ముందుకొచ్చిన చదును స్తంభాలుంటాయి. ఆ స్తంభం మధ్యలో కింద ఒక కలశం, అందులోంచి పైకి సమ్మె దీపంలా ఒకదాని మీద ఒకటి పేర్చిన పూలు, ఆకులు, పళ్ళు, ఎడమా కుడీ అద్దంలో చూసినట్టు సమానంగా. పైన దూలం అంచున పలువరస లాంటి గళ్ళు, దాని కింద గుడ్డు, బాణపు మొన ఆకారాలు ఒకటి విడిచి ఒకటి వచ్చే వరస. ఈ మూడూ కలిసి కనపడితే అనుమానం అక్కర్లేదు.

ఇవన్నీ ఒకేచోట చెక్కుచెదరకుండా దొరికేది ఎస్తెర్‌గోమ్‌లో. మీ అమ్మానాన్నలకు ఒక్కటే చూపించే వీలుంటే దీన్నే చూపించండి. అక్కడి బసిలికా అనే పెద్ద చర్చిలో అడుగుపెట్టగానే ఎడమ వైపున బకోత్స్ ప్రార్థనాలయం ఉంటుంది. బసిలికా 19వ శతాబ్దానిది, దాని పొట్టలో ఉన్న ఈ గది మాత్రం 16వ శతాబ్దం మొదటిది. తమాష్ బకోత్స్ ఎస్తెర్‌గోమ్ ఆర్చిబిషప్, కార్డినల్. 1513లో పోప్ ఎన్నికలో గట్టి పోటీదారు, చివరికి ఫ్లోరెన్స్ పెత్తందార్లైన మెదిచీ కుటుంబానికి చెందిన పదో లియో గెలిచాడు. తనను పాతిపెట్టడానికి బకోత్స్ కట్టించుకున్న గది ఇది. గోడ మీది శాసనంలో 1507 అని ఉంటుంది. నాలుగు చేతులూ సమానంగా ఉన్న శిలువ ఆకారం, నడిమధ్య గుమ్మటం. ఈ ఆకారాన్ని అప్పటికి ఇటలీలోనే కొత్తగా పరీక్షిస్తున్నారు, ఆల్ప్స్ దాటి ఇంత శుద్ధంగా వచ్చిన తొలి కట్టడాల్లో ఇదొకటి. గోడలన్నీ ఆ ఎర్ర రాయే. ఎదురుగా బలిపీఠం మాత్రం తెల్లగా మెరుస్తుంది. దాన్ని ఫియేసొలె వాడైన అంద్రెయా ఫెర్రూచ్చి 1519లో ఇటలీలోని కర్రారా పాలరాతితో చెక్కాడు. గోడల రాయి హంగరీది, ఉలి ఇటలీది. పీఠానికి రాయీ ఉలీ రెండూ ఇటలీవే.

ఈ గది ఎలా మిగిలిందో తెలిస్తే చూసే చూపే మారుతుంది. పాత కెథెడ్రల్ ఒట్టొమాన్ యుద్ధాల్లో శిథిలమైంది, దాన్ని ఆనుకుని ఉన్న ఈ గదిని మసీదుగా వాడుకున్నారు కాబట్టి పైకప్పుతో సహా నిలిచింది. 19వ శతాబ్దంలో కొత్త బసిలికా మొదలుపెట్టినప్పుడు ఇది ప్లానుకు అడ్డం వచ్చింది. పడగొట్టలేదు. 1823లో యానోష్ పాక్ అనే వాస్తుశిల్పి దాన్ని దాదాపు 1600 ముక్కలుగా విప్పించి, ప్రతి ముక్కకూ నంబరు వేయించి, కొత్త గోడల లోపల తిరిగి కూర్పించాడు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి ఆలంపురం దగ్గరి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తిరిగి నిలబెట్టిన సంగతి తెలిసినవాళ్ళకు అందులో ఎంత శ్రమ ఉందో చెప్పక్కర్లేదు. పాక్ ఆ పని చేయించింది క్రేన్లు, ఫొటోలు లేని రోజుల్లో. స్తంభాల దగ్గర నిలబడి పలకల మధ్య అతుకుల గీతలు వెతకండి. పూలతీగ ఒక పలకలోంచి పక్క పలకలోకి సరిగ్గా సాగుతుందా లేదా అన్నది చూస్తూ పోతే పది నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి.

దీని తమ్ముడు పోలెండులో ఉన్నాడు. క్రాకొవ్‌లోని వావెల్ కొండ మీద సిగిస్‌మండ్ ప్రార్థనాలయం అని 1519–1533 మధ్య బార్తొలొమ్మెయో బెర్రెచ్చి అనే ఫ్లోరెన్స్ శిల్పి కట్టాడు. దాన్ని కట్టించిన రాజు యువకుడిగా ఉన్నప్పుడు బుడాలో అన్నగారి ఆస్థానంలో కొన్నేళ్ళు గడిపాడు, అక్కడే ఈ కొత్త పద్ధతి మీద మోజు పెంచుకున్నాడు. సమాధుల కోసం హంగరీ ఎర్ర రాయినే తెప్పించుకున్నాడు. ఇటలీ శైలి పోలెండు చేరింది హంగరీ మీదుగా అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అక్కర్లేదు.

ఎస్తెర్‌గోమ్‌లో ఉండగానే ఇంకో రెండు చూడొచ్చు. బసిలికా ఖజానాలో మాత్యాష్ బంగారు కల్వరీ, అంటే శిలువ మీది క్రీస్తును చూపే బొమ్మ, ఉంది. పై సగం 1400 ప్రాంతంలో పారిస్‌లో చేసిన ఎనామెల్ పని, కింది పీఠం మాత్యాష్ కోసం చేసిన ఇటలీ పని, దాని మీద స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్ళు) బొమ్మలు, రాజు డాలు. పైనా కిందా శైలి ఎలా మారిందో కంటికి దగ్గరగా పోల్చుకోవచ్చు. రెండోది కోట గదిలోని నలుగురు సద్గుణ దేవతల కుడ్యచిత్రం. 2007లో అందులో ఒక బొమ్మను తర్వాత ఫ్లోరెన్స్‌లో పేరుమోసిన చిత్రకారుడు బొటిచెల్లి కుర్రతనంలో గీశాడని వాదన వచ్చి పత్రికలకెక్కింది. చాలామంది కళాచరిత్రకారులు దాన్ని ఒప్పుకోలేదు. గైడు "ఇది బొటిచెల్లి" అని తేల్చి చెబితే నమ్మకండి. ఆ పేరు లేకపోయినా ఆ చిత్రం గొప్పదే. ఆ గది అన్ని వేళలా తెరిచి ఉండదు, ముందే కనుక్కుని వెళ్ళండి.

విషెగ్రాడ్ అనే ఊరు ఆ దగ్గర్లోనే ఉంది, దానికి ఒక పూట చాలు. కొండ మీది కోటకు ఎక్కి అలసిపోయి, కింద నది పక్కనున్న రాజభవనాన్ని వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. మీకు కావాల్సింది కిందిదే. ముంగిట్లో ఎర్ర రాతి హెర్క్యులిస్ ఫౌంటెన్, పైన సింహాల ఫౌంటెన్ కనపడతాయి, అవి నకళ్ళు. అసలు ముక్కలు లోపల మ్యూజియంలో ఉన్నాయి. ఈ రాతిలో బంకమట్టి పొరలుంటాయి, వానకు నునుపు పోయి గులాబీ రంగుకు దిగుతుంది, చలికాలంలో నీళ్ళు ఆ పొరల్లోకి ఇంకి గడ్డకట్టి విచ్చదీస్తాయి. అందుకే అసలువాటిని బయట ఉంచలేదు.

ఇక పుస్తకాలు. మాత్యాష్ వంశం డాలు మీద ముక్కున ఉంగరం పట్టుకున్న బొంతకాకి ఉంటుంది. కాకిని లాటిన్‌లో కొర్వుస్ అంటారు, అందుకే ఆయన మాత్యాష్ కొర్వినస్, ఆయన గ్రంథాలు కొర్వీనాలు. బుడా కోటలో రెండు వేల నుంచి రెండున్నర వేల దాకా గ్రంథాలుండేవని అంచనా. ఆ రోజుల్లో పోప్ గ్రంథాలయం తర్వాత యూరపులో ఇంత పెద్దవి అరుదు. మిగిలినవి 200 పైచిలుకు. హంగరీలో 50కి పైగా ఉన్నాయి, ఇటలీలోనూ దాదాపు అన్నే ఉన్నాయి, వియన్నాలో 40 దాకా. ఒక్క మొదెనా గ్రంథాలయంలోనే 15. మీకు హంగరీలో ఇటలీ కనపడకపోవడానికి ఇదో కారణం: హంగరీ కోసం ఇటలీ చేసిన పనిలో చాలా భాగం తిరిగి ఇటలీలోనే ఉంది.

ఈ గ్రంథాల్లో పనితనాన్ని రెండు దశలుగా చూడండి. తొలి దశ పుస్తకాల్లో మొదటి అక్షరం బంగారు రేకుతో ఉంటుంది, దాని చుట్టూ తెల్లటి తీగలు అల్లుకుని ఉంటాయి. ఆ తెలుపు రంగు వేసింది కాదు. గీత గీసి, తీగ లోపల, పేజీగా వాడిన తోలు రేకును అలాగే ఖాళీగా వదిలేసి, సందుల్లో నీలం, ఎరుపు, ఆకుపచ్చ నింపి, ఆ రంగుల మీద మూడేసి తెల్ల చుక్కలు పెడతారు. ముగ్గులో పిండి వేయని చోటు కూడా ముగ్గులో భాగమైనట్టే. ఇది 15వ శతాబ్దం నడిమి ఇటలీ పద్ధతి. 1480ల్లో వచ్చిన రెండో దశలో పేజీ అంతా మారిపోతుంది. ఫ్లోరెన్స్‌లో అత్తవాంతె, గెరార్దో, మోంతె లాంటి చిత్రకారుల కార్ఖానాల్లో చేసిన పేజీలకు నాలుగు వైపులా వెడల్పాటి అంచు, అందులో ముత్యాలు, కెంపులు పొదిగిన నగల్లాంటి బొమ్మలు, రెక్కల పసిపిల్లలు, రోమన్ నాణేల్లాంటి గుండ్రటి ముఖచిత్రాలు. నగ బొమ్మలో రాయికి ఒక పక్క మెరుపు చుక్క, ఇంకో పక్క పేజీ మీద పడ్డ నీడ కూడా గీస్తారు, ముట్టుకుంటే చేతికి తగులుతుందనిపిస్తుంది.

అది మాత్యాష్‌దేనని రూఢి చేసుకోవడానికి పేజీ అడుగున నడిమధ్య ఉన్న డాలు చూడాలి. దాని నడిబొడ్డున కాకి, చుట్టూ హంగరీ అడ్డ చారలు, రెండు అడ్డకమ్మల శిలువ, రెండు తోకల బొహీమియా సింహం. అంచుల్లో ఆయన సొంత గుర్తులుంటాయి: తేనెపట్టు, బావి, పీపా, ఇసుక గడియారం, చెకుముకి రాయి, డ్రాగన్. ఇక్కడ ఒక మెలిక ఉంది. మాత్యాష్ 1490లో వియన్నాలో హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికి ఫ్లోరెన్స్‌లో ఆయన ఆర్డరు పుస్తకాలు ఎన్నో సగంలో ఉన్నాయి, డబ్బు చెల్లించేవాడు లేకుండా పోయాడు. కొన్ని మెదిచీల చేతికి వెళ్ళాయి. ఆయన కోసం మొదలుపెట్టిన మహా బైబిలు సంపుటాలు ఇప్పటికీ ఫ్లోరెన్స్ లౌరెన్‌సియానా గ్రంథాలయంలోనే ఉన్నాయి. బుడాలో ఉన్నవాటిలో కొన్నిటి మీద తర్వాతి రాజు వ్లాదిస్లావ్ డాలు పూశారు. అందుకే కొన్ని చోట్ల డాలు రంగు చుట్టుపక్కల కంటే మందంగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. పై పొర పెచ్చు లేచిన చోట కింద నుంచి కాకి తొంగిచూస్తుంది. వేరే డాలు ఉందని కొర్వీనా కాదనుకోకూడదు.

రాతా, బొమ్మలూ ఎక్కువగా ఇటలీలో చేయించినా, బైండింగు చాలావాటికి బుడాలోనే జరిగింది. తోలు మీద వేడి అచ్చులతో బంగారం అద్దిన అట్టలు, మధ్యలో రాజు డాలు, పేజీల అంచులకూ బంగారం. ఇంకొన్నిటికి మఖ్మల్ గుడ్డ. ఇది మొత్తం ఇటలీ ఎగుమతి సరుకు అని రాసేవాళ్ళు ఈ బుడా కార్ఖానాను మర్చిపోతారు, అది పెద్ద అన్యాయం. 1526లో సులేమాన్ సుల్తాన్ బుడాను దోచినప్పుడు ఈ మెరిసే అట్టల వల్లే కావచ్చు, చాలా పుస్తకాలు ఇస్తాంబుల్ చేరాయి. తడికి రంగులు పెచ్చులూడాయి, తోలు రేకులు వంకర్లు పోయాయి. 1877లో రెండో అబ్దుల్ హమీద్ సుల్తాన్ 35 చేతిరాత గ్రంథాలను బుడాపెస్ట్ విశ్వవిద్యాలయానికి తిరిగి పంపాడు, వాటిలో కొన్ని కొర్వీనాలు. మిగిలిన కొర్వీనాల సేకరణ 2005 నుంచి యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో ఉంది.

అసలు పుస్తకాలు కోట కొండ మీది సేచేనీ జాతీయ గ్రంథాలయంలో ఉన్నా, వెళ్ళగానే చూపించరు, ఎగ్జిబిషన్ ఉంటేనే దర్శనం. వెలుతురు తగిలిన కొద్దీ రంగులు వెలుస్తాయి కాబట్టి వాళ్ళను తప్పుపట్టలేం. అదే గ్రంథాలయం కొర్వీనాల పేజీలను నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఫోనులో కాకుండా పెద్ద తెర మీద, ఒక్క పేజీ మూలను బాగా దగ్గరికి లాక్కుని చూడండి. ఫిలొస్త్రాతుస్ గ్రంథంతో మొదలుపెట్టండి. మాత్యాష్ కొడుకు రథమెక్కి వియన్నాలోకి ఊరేగింపుగా ప్రవేశించే బొమ్మ అందులో ఉంది, పాత రోమన్ విజయయాత్రలా.

సరుకు ఇటలీ నుంచి హంగరీ రావడం మాటలు కాదు. చిత్రకారుల జీవితాలు రాసిన వసారీ ఒక సంగతి చెబుతాడు. ఫ్లోరెన్స్ పనివాడు బెనెదెత్తో ద మయానో రంగురంగుల చెక్క ముక్కలు పొదిగి రెండు పెట్టెలు చేసి, ఓడ మీద మాత్యాష్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రాజు ముందు కట్లు విప్పితే, సముద్రపు చెమ్మకు బంక మెత్తబడి ముక్కలన్నీ ఊడి రాలిపోయాయి. ఆ అవమానంతో అతను చెక్క పని మీద విరక్తి పుట్టి పాలరాయి పట్టుకున్నాడని వసారీ ముగింపు. వసారీ కథల్లో అతిశయం పాలు ఎక్కువే, కానీ బంక సంగతి అక్షరాలా నిజం. తోళ్ళు, ఎముకలు ఉడికించి చేసే వడ్రంగి బంక ఎండితే రాయిలా పట్టుకుంటుంది, తేమ తగిలితే మళ్ళీ జిగురైపోతుంది. పైగా రకరకాల చెక్కలు తేమకు రకరకాలుగా ఉబ్బుతాయి, పలచటి ముక్కలు అంచుల దగ్గర లేస్తాయి. సరుకు పంపేకంటే పనివాణ్ణే పిలిపించుకోవడం ఎందుకు మేలో ఈ రెండు పెట్టెలు చెబుతాయి.

అలా వచ్చినవాళ్ళలో పండితులూ ఉన్నారు. 1476లో మాత్యాష్ నేపుల్స్ రాకుమారి బెయాత్రిచెను పెళ్ళి చేసుకున్నాక రాకపోకలు ఇంకా పెరిగాయి. రాజు చరిత్ర రాసిన బొన్‌ఫీని ఇటలీవాడే. రాజు ఆస్థానంలో ఉన్న ఇంకో ఇటలీ పండితుడు గలియోత్తో మార్జియో బుడా భోజనాల గురించి రాసింది మీ అమ్మగారికి చదివి వినిపించండి. అక్కడ ఫోర్కులు లేవట, అందరూ చేత్తో తింటారట, ప్రతి కూరా దాని పులుసులోనే వడ్డిస్తారట, కుంకుమపువ్వు దండిగా వేయడంతో వేళ్ళూ గోళ్ళూ పచ్చబడతాయట. రాజు మాత్రం చేత్తో తింటూనే ఎంత కబుర్లలో మునిగినా ఒంటి మీద మరక పడనిచ్చేవాడు కాదట. పసుపంటిన వేళ్ళు తెలిసిన మనకు ఆ దృశ్యం ఇటలీవాడికి కనపడినంత వింతగా కనపడదు.

రాకపోకలు మాత్యాష్‌తో మొదలవలేదు. 1308లో మొదలైన నేపుల్స్ ఆంజూ వంశం ఏలుబడిని గుర్తుపెట్టుకోండి. ఆ వంశపు కారొలి రాబర్ట్‌ను హంగరీ గద్దె మీద నిలబెట్టడానికి పోప్ పంపిన కార్డినల్ జెంతిలె ద మోంతెఫియోరె. ఇదే కార్డినల్ ఇటలీలో అసీసీ ఊరిలోని సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా కింది అంతస్తులో సెయింట్ మార్టిన్ ప్రార్థనాలయానికి డబ్బిచ్చాడు, సిమోనె మార్తీని దానికి బొమ్మలు వేశాడు. సెయింట్ మార్టిన్ పుట్టింది నేటి హంగరీలోని సొంబత్‌హెయ్ ప్రాంతంలో. ఆ బసిలికాలోనే మార్తీని హంగరీ పవిత్రుల బొమ్మలూ గీశాడు, వాళ్ళలో ఎలిజబెత్ ఒకరు. రోము నుంచి అసీసీకి రైల్లో వెళ్ళి ఒకే రోజులో తిరిగి రావొచ్చు, సందేహించకండి.

ఫ్లోరెన్స్ వెళ్తే ఉఫీజీ మ్యూజియంలో అంద్రెయా దెల్ కస్తాన్యో గీసిన పిప్పో స్పానోను చూడండి, రెండు చేతులతో కత్తిని వంచి పట్టుకుని నిలబడ్డ సేనాని. ఫ్లోరెన్స్ దగ్గర పుట్టిన ఈ ఫిలిప్పో స్కొలారి హంగరీలో తెమెష్ జిల్లా పాలకుడయ్యాడు. జిల్లా పాలకుణ్ణి హంగరీ భాషలో ఇష్పాన్ అంటారు, ఇటలీవాళ్ళ నోట్లో అది స్పానో అయింది. 1425లో ఆయన పిలిస్తే చిత్రకారుడు మసొలీనో ఫ్లోరెన్స్‌లో బ్రంకాచ్చి ప్రార్థనాలయం పని మధ్యలో వదిలి హంగరీ వెళ్ళాడు. అతని జోడీ యువకుడు మసాచ్చో ఆ గోడలపై పని కొనసాగించాడు, తర్వాతి తరాల చిత్రకారులు ఆ బొమ్మల ముందు కూర్చుని నేర్చుకున్నారు. మసొలీనో హంగరీలో గీసింది ఒక్కటీ మిగల్లేదు.

మాటల్లో మిగిలింది మాత్రం రోజూ వాడుతున్నారు. మీరు కూరగాయలు కొనే "పియొత్స్" ఇటలీ "పియాత్సా"యే. హంగరీ నుంచి ఇటలీకి వెళ్ళిన మాటా ఉంది: తాతా అనే పట్టణం పక్కన ఉన్న కోచ్ అనే చిన్న ఊరి బళ్ళవాళ్ళు చేసిన తేలికపాటి గుర్రబ్బండి ఊరి పేరుతోనే "కొచి" అయి, ఇటలీలో "కొక్కియో" అయి, ఇంగ్లిషులో కోచ్ అయింది. మన రైలు టికెట్ మీది కోచ్ నంబరు దాకా వచ్చిన మాట అది.

నాలుగు రోజుల్లో ఒక రోజు పూర్తిగా ఎస్తెర్‌గోమ్‌కు ఇవ్వండి. న్యూగతి స్టేషన్ నుంచి రైలు ఉంది, దిగాక బసిలికా దూరం, పెద్దవాళ్ళతో నడవకండి, బస్సెక్కండి. విషెగ్రాడ్‌కు అదే న్యూగతి నుంచి నది అవతలి ఒడ్డునున్న నాజ్‌మరొష్ స్టేషన్‌కు వెళ్ళి పడవ దాటాలి. చివరి పడవ వేళ ముందే చూసుకోండి, అది తప్పితే చాలా చుట్టు తిరగాలి. రెండూ ఒకే రోజులో పెట్టుకుంటే రెంటికీ న్యాయం జరగదు. కోట కొండ మ్యూజియానికి ఒక పూట, లలితకళా మ్యూజియానికి ఒక పూట.

రోములో వియా జూలియా వీధి మొదట్లో ఫల్కొనియేరి భవనం ఉంది. ముఖద్వారం రెండు మూలల్లో డేగ తల, స్త్రీ రొమ్ములు ఉన్న స్తంభాలను బట్టి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. వాస్తుశిల్పి బొర్రొమీని తీర్చిదిద్దిన ఈ భవనాన్ని హంగరీ 1927లో కొన్నది, ఇప్పుడు అందులో హంగరీ అకాడమీ నడుస్తోంది. 1920ల చివర నుంచి యువ చిత్రకారులను ఇక్కడికి స్కాలర్‌షిప్ మీద పంపారు, విల్మోష్ అబా-నొవాక్, కారొయ్ పత్కో లాంటివాళ్ళు పాత ఇటలీ కుడ్యచిత్రాలను చూసి తమ గీతను మార్చుకున్నారు. వాళ్ళను రోము పాఠశాల అంటారు. సంగీతం ఇష్టమైతే తివోలీకి వెళ్ళండి. విల్లా దెస్తెలో హంగరీ సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ చాలా కాలం గడిపాడు, అక్కడి ఫౌంటెన్ల మీద 1877లో పియానో కృతి రాశాడు. వెళ్ళే ముందు అది విని వెళ్తే, నీటి చుక్కలు ఎగిరిపడటం వేళ్ళలో ఎలా పట్టాడో అక్కడే తెలుస్తుంది.

వీలుంటే చివరగా చేలియో కొండ మీది సాంతో స్తెఫానో రొతోందోకు వెళ్ళండి. గుండ్రటి పాత చర్చి, 1454లో పోప్ ఐదో నికొలాస్ దీన్ని హంగరీ పౌలిన్ సన్యాసులకు అప్పగించాడు. తెరిచి ఉండే వేళలు తక్కువ, ఉదయం వెళ్ళడం మంచిది. గోడల మీద హతసాక్షుల హింసల బొమ్మలు భయంకరంగా ఉంటాయి, పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. లోపల ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చి 1523లో రోములో చనిపోయిన యానోష్ లాసాయి సమాధి రాయి ఉంది. దాని మీది లాటిన్ పద్యం బాటసారితో మాట్లాడుతుంది: చల్లని దాన్యూబు ఒడ్డున పుట్టినవాడు రోము సమాధిలో పడుకున్నాడని ఆశ్చర్యపోకు, రోము అందరికీ పుట్టిల్లే, ఎప్పుడూ అంతే.